ఇంగ్లండు ధాన్యశాలలు: పర్యావరణానుకూల గృహములుగా పరివర్తనము

ఇంగ్లండు పల్లెలలో కోసిన గోధుమ, యవల పనలను వానకు తడవకుండ దాచి, చలికాలమంతయు లోపలనే నూర్చుకొనుటకై మఠములు, భూస్వాములు, సామాన్య రైతులు కట్టించుకొన్న పెద్ద శాలలకు బార్న్‌లని పేరు. తెలుగున వీనిని ధాన్యశాలలనుట సుకరము. యంత్రసేద్యము వచ్చిన పిమ్మట వృథాపడిన ఈ కట్టడములను, వాని గోడలను, కొయ్యపనిని, కప్పును సాధ్యమైనంతవరకు చెడనీయక, తక్కువ ఇంధనముతో వెచ్చగా నుండు కుటుంబగృహములుగా మార్చు పని ఇరువదవ శతాబ్దపు చివరి పాదము మొదలుకొని యచ్చట విరివిగా సాగుచున్నది. గుంటూరు, ప్రకాశము జిల్లాలలో వర్జీనియా పొగాకును క్యూరింగు చేయు బ్యారన్లు వేరు జాతి కట్టడములు. వాని ప్రసక్తి ఈ వ్యాసమున లేదు.

మన వరికోతలు వానలు వెనుకబట్టిన పిమ్మట వచ్చును. అందుచే తెలుగుదేశమున కళ్ళము ఆరుబయటనే యుండును. కుప్ప నూర్చుటయు, గాలివాటు చూచి తూర్పారబట్టుటయు ఆకసము క్రిందనే జరుగును. గింజ మాత్రమే గాదెకో, గరిసెకో, పాతరకో చేరును. ఆగస్టు, సెప్టెంబరు నెలలలో కోతలు కోయు ఇంగ్లండు రైతునకు వాన యే పూట వచ్చిపడునో తెలియదు గనుక అతడు కళ్ళమునకే యిల్లు కట్టెను. ధాన్యశాల నడిమి అంకణమే నూర్పిడికళ్ళము. దానికి ఇరువైపుల ఎదురెదురుగా, పనల బండి నిండుబరువుతో లోనికి వచ్చునంతటి ఎత్తు తలుపులుండును. ఆ రెండును తెరచి తూర్పారబట్టినచో, నడుమ వీచు గాలికే పొట్టు ఎగిరిపోవును. తలుపుల అడుగున, నిలువుకమ్ముల గాడులలో పలకలను దిగవిడిచి, గింజ బయటికి చిందకుండను, కోళ్ళు, పందులు లోనికి రాకుండను అడ్డుకట్టుదురు. ఒక ప్రక్క అంకణములలో నూర్వని పనలు, రెండవ ప్రక్క నూర్చిన గడ్డి. కిటికీలు లేవు. గోడలలో గాలికై విడిచిన సన్నని నిలువు చీలికలు, ముక్కోణపు గోడ నెత్తిన ఎలుకలను పట్టు గుడ్లగూబ వచ్చిపోవుటకు రైతు బుద్ధిపూర్వకముగా విడిచిన రంధ్రము, ఇంతే లోపలికి వచ్చు వెలుతురు. ఈ శాలను ఇల్లు చేయబూనిన వారికి ఎదురగు చిక్కులన్నియు ఈ వర్ణనమునందే యిమిడియున్నవి.

పూర్వచరిత్రము

మధ్యయుగములలో పంటలో పదియవ వంతు చర్చికి చెల్లవలసియుండెను. ఆ భాగమును నిలువచేయుటకు కట్టినవి కొన్ని, మఠముల సొంత సేద్యపు పంటకు కట్టినవి కొన్ని. ఎసెక్సులోని క్రెసింగ్ టెంపుల్ గ్రామము 1137లో టెంప్లార్ యోధమఠమునకు దానముగా వచ్చెను. అచ్చట పదుమూడవ శతాబ్దమునాటి యవల శాలయు, గోధుమల శాలయు నేటికిని నిలిచియున్నవి. లండను పడమట, హీత్రో విమానాశ్రయమునకు కూతవేటు దూరమున నున్న హార్మండ్స్‌వర్తు శాలను వించెస్టర్ కళాశాలవారు 1425-27 నడుమ కట్టించిరి. దాని పొడవు 192 అడుగులు. ఇట్టివి జాతిసంపదగా రక్షింపబడుచున్నవే గాని ఎవరికిని ఇండ్లు కావు. ఇండ్లుగా మారునవి ప్రాయికముగా పదునేడవ శతాబ్దము నుండి పందొమ్మిదవ శతాబ్దము వరకు సామాన్య రైతులు కట్టుకొన్న మూడు నుండి అయిదంకణముల శాలలు.

1786లో స్కాట్లండువాడైన ఆండ్రూ మైకిల్ నూర్పిడియంత్రమును నిర్మించుటతో వీని పతనము ఆరంభమయ్యెను. చలికాలమంతయు బడితలతో నూర్చు కూలి పోవుటచే దక్షిణ ఇంగ్లండు కూలీలు 1830లో తిరుగబడి యంత్రములను విరుగగొట్టిరి; అయినను యంత్రమే నెగ్గెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము కోతయు నూర్పిడియు పొలముననే ముగించు కంబైను యంత్రములు వ్యాపించినపుడు ధాన్యశాలకు మిగిలిన పనియు పోయినది. దాని వాకిలి ట్రాక్టరుకు చాలదు, దాని స్తంభములు యంత్రము తిరుగుటకు అడ్డు. రైతు ప్రక్కనే ఉక్కుకంబముల రేకుల షెడ్డు వేసికొని, పాతశాలలో విరిగిన సామానులు పడవైచెను. కప్పు కారినను పట్టించుకొనువారు లేకపోయిరి. ఇండ్లుగా మార్చుటకు పూర్వము వీనిని వేరుపనులకు వాడుకొన్నవారును కలరు: ప్రసిద్ధనటి ఎలెన్ టెరీ మరణానంతరము ఆమె కుమార్తె ఎడిత్ క్రెయిగ్ కెంటులోని స్మాల్‌హైత్‌లో తమ యింటి ప్రక్కనున్న శాలను 1929లో నాటకశాలగా మార్చెను.

ప్రాంతభేదములు

స్థానికముగా దొరకు వస్తువునుబట్టి శాల స్వరూపము మారును. ఎసెక్స్, సఫోక్, కెంటు ప్రాంతములలో రాయి కొఱత. అచట ఓక్ కలప చట్రమునకు వెలుపల పలకలు పొరలుగా దిగగొట్టి తారు పూయుదురు. కాట్స్‌వోల్డు కొండలలో సున్నపురాతి గోడలు, రాతిపలకల కప్పు. డెవనులో మట్టి, గడ్డి కలిపి త్రొక్కి రెండడుగుల మందమున పెట్టిన గోడలు, మన రాయలసీమ మిద్దెల మట్టిగోడలకు దూరపు చుట్టములు. యార్క్‌షైరు లోయలలో గట్టుకొక్కటి చొప్పున ఒంటరిగా నిలిచిన చిన్న రాతిశాలలలో క్రింద పసువులు, పైన ఎండుగడ్డి యుండెడివి. ఒకచోట మెప్పించిన మార్పు మరియొకచోట హానికరము కావచ్చును. రాతిగోడకు చెప్పిన చికిత్స పలకలగోడకు పనికిరాదు.

కొయ్యపని

కలపశాలలో విలువ యంతయు చట్రమునందే కలదు. ఓక్ మ్రానును పచ్చిగానుండగనే గొడ్డలితోను, బాడితతోను చెక్కి, ఒక కొయ్య చివరను నాలుకవలె తీర్చి, రెండవ కొయ్య బెజ్జమున దిగవేసి, ఆ రెండింటిని దూసికొనిపోవునట్లు కొయ్యచీలను దిగగొట్టుదురు. ఇనుపమేకు ఉండదు. కొయ్య ఆరినకొలది ముడుచుకొని అతుకు మరింత బిగియును. ఆ ముడుపులో దూలములు కొంత మెలిదిరుగును, నిలువున నెరియలు విచ్చును. ఇవి జబ్బులు కావు, ఓక్ స్వభావము. స్తంభమునకును దూలమునకును నడుమ ఏటవాలుగా నిలుచు వంకరకొయ్యలు రంపముతో వంపుగా కోసినవి కావు. వడ్రంగి అడవిలో వంగిన కొమ్మనే వెదకి తెచ్చుకొనెడివాడు.

అతుకు చెంత నిచ్చెనవేసికొని పరికించినవారికి, బొటనవ్రేలి పొడవున ఉలితో చెక్కిన నిలువుగీతలు కనబడును. అవి రోమనుసంఖ్యలు. చట్రమును మొదట వడ్రంగి పెరటిలో నేలపై పరచి కూర్చి, ఏ కొయ్య ఏ బెజ్జమునకు చెందినదో గుర్తువైచి, విప్పి, బండ్లపై తెచ్చి, కట్టుచోట మరల నిలిపెడివారు. నాలుగవ అంకె నాలుగు గీతలుగనే యుండును, ఏలననగా అయిదునుండి ఒకటి తీసివేయు గుర్తును తలక్రిందుగ చదివిన ఆరని భ్రమ కలుగును. కొన్ని కొయ్యలలో దేనికిని సంబంధింపని ఖాళీబెజ్జములు కనబడును. ఆ కొయ్య అంతకుముందు వేరొక కట్టడమున పనిచేసి వచ్చినదని అర్థము. వస్తువును మరల వాడుట నేటి పర్యావరణవాదులు క్రొత్తగా కనిపెట్టినది కాదు. సెసిల్ హ్యూవెట్ అను పరిశోధకుడు ఎసెక్స్ శాలల అతుకులను ఒక్కొక్కటిగా పరిశీలించి, అతుకు తీరునుబట్టి కాలమును నిర్ణయింపవచ్చునని ప్రతిపాదించుచు 1969లో గ్రంథము ప్రకటించెను. తరువాత వచ్చిన వృక్షవలయగణనము అతని కాలనిర్ణయములను కొన్నింటిని సవరించినను, ఈ కొయ్యపనిని చదువదగిన పత్రముగా చూపిన గౌరవము అతనిదే.

పునరుద్ధరణమున మొదటి నియమము ఇందుండియే పుట్టుచున్నది. చట్రమును జిప్సంపలకలతో కప్పివేసిన యెడల ఇల్లు దక్కును గాని శాల దక్కదు. పుచ్చిన స్తంభపాదమును మాత్రము కోసి, అంతమేరకు క్రొత్త ఓక్‌ను అతికి, మిగిలినదానిని ఉన్నది ఉన్నట్లు విడుచుట ఉత్తమపద్ధతి. 1877లో విలియం మారిస్ స్థాపించిన ప్రాచీనభవన రక్షణసంఘము నాటినుండి బోధించుచున్నది ఇదే: మరమ్మతు చేయుము, పూర్వరూపము ఇట్లుండెనని ఊహించి క్రొత్తది కట్టకుము.

అనుమతులు

1947 నాటి పట్టణ, గ్రామీణ ప్రణాళికాచట్టము వలన బ్రిటనులో కట్టడపు వాడుకను మార్చుటకు ప్రభుత్వానుమతి అవసరమయ్యెను. పెక్కేండ్లు స్థానికసంస్థలు పొలముల నడుమ ఇండ్లు వెలయుట కిష్టపడక, ధాన్యశాలలను కార్యశాలలుగానో, యాత్రికుల విడుదులుగానో మార్చిన మేలనెడివి. గృహములకొరత ముదిరిన పిమ్మట 2014లో ఈ కట్టుబాటు సడలి, నేడు క్లాస్ క్యూ అని వ్యవహరింపబడు హక్కు ఇంగ్లండున ఏర్పడెను. దీనిననుసరించి సేద్యపు కట్టడమును ఇల్లు చేయుటకు సంపూర్ణమైన అనుమతి యక్కరలేదు. రాకపోకలు, వరదభయము, వెలుతురు మొదలగు కొన్ని విషయములపై మాత్రము ముందస్తు సమ్మతి పొందవలెను. 2024 మే నెలలో అమలునకు వచ్చిన సవరణము ప్రకారము ఒక సేద్యక్షేత్రమున 10 ఇండ్ల వరకు, ఒక్కొక్కటి 150 చదరపు మీటర్లకు మించక, మొత్తము 1,000 చదరపు మీటర్లకు లోబడి చేసికొనవచ్చును. చారిత్రక కట్టడముల పట్టికలో చేరిన శాలలకును, జాతీయవనములు మొదలగు రక్షితప్రదేశములలోని వానికిని ఈ హక్కు వర్తింపదు. వానికి ప్రత్యేకానుమతి తప్పదు.

మార్పునకును, క్రొత్తగా కట్టుటకును నడుమ గీత యెక్కడ? 2016లో హిబ్బిట్ వ్యాజ్యమున ఉన్నతన్యాయస్థానము దీనిని విచారించెను. నాటింగ్‌హాంషైరులో మూడువైపుల గోడలే లేని ఉక్కుకంబముల షెడ్డుకు నాలుగు గోడలు కట్టి ఇల్లు చేయబూనిన వారికి స్థానికసంస్థ సమ్మతి నిరాకరింపగా, అది మార్పు కాదు, పునర్నిర్మాణమేయని న్యాయమూర్తి సమర్థించెను. తీర్పు చట్టపు మాటకు సంబంధించినదైనను, ఈ శాస్త్రమంతటికిని అది కొలబద్దగ నిలువదగినది. పాతదని చెప్పుకొనుటకు రెండు దూలములు మిగిల్చి తక్కినదంతయు క్రొత్తగా కట్టిన ఇండ్లు ఇంగ్లండున కొల్లలుగ నున్నవి. వానికి పర్యావరణానుకూలములను పేరు తగదు.

శాలలో మనుష్యులకంటె ముందు కాపురమున్నవారి హక్కులును కలవు. గబ్బిలములును, వాని యావాసములును చట్టరక్షితములు. తెల్ల గుడ్లగూబ 1981 నాటి వన్యప్రాణి చట్టమున విశేషరక్షణ పొందిన పక్షి. గబ్బిలములు సందెవేళ వెలికివచ్చుటను వేసవి నెలలలో మాత్రమే లెక్కింపవీలగును గనుక, శరత్కాలమున శాల కొన్నవాడు మరుసటి వేసవి దాక వేచియుండక తప్పదు. దూలపు బెజ్జములలో నివసించు ప్రాణులకై చూరున సందులు విడిచి, గుడ్లగూబకు ముక్కోణపు గోడలో పెట్టె అమర్చి, అధికారుల సమ్మతితో పని సాగింతురు. ఇందొక సూక్ష్మము కలదు: నేటి కప్పులక్రింద పరచు గాలియాడు పొరబట్టల సన్నని పోగులలో గబ్బిలముల గోళ్ళు చిక్కుకొని అవి చచ్చును, అందుచే అవి తిరుగు చోట్ల పాతరకపు తారుబట్టనే పరుపవలెను.

శూన్యమును కాపాడుట

వాస్తువిద్యార్థికి ఈ విషయమున కెల్ల కఠినమైన ప్రశ్న ఇది. శాలలోని అందము నేలనుండి వెన్నుగాడి వరకు అడ్డములేని ఆ విశాలమైన శూన్యము. ఇంటికి కావలసినవి గదులు, అంతస్తులు, స్నానపుగదులు, కిటికీలు. అంకణమున కొక గది చొప్పున అడ్డుగోడలు కట్టి, పైన రెండవ అంతస్తు వైచి, కప్పునిండ అద్దపు గవాక్షములు తెరచిన యెడల, వెలుపలినుండి అది మరుగుజ్జు హోటలువలె కనబడును, లోపలినుండి ఏ నగరశివారు ఇల్లైనను అట్లే యుండును. 1980 దశకమున ఆస్తుల వెలలు పెరిగినపుడు మార్చిన శాలలు అనేకము ఈ దురవస్థ పాలైనవి.

మెలకువగల వాస్తుశిల్పులు నూర్పిడి అంకణమును, దాని కిరుప్రక్కల నున్న ఒకటి రెండంకణములను కప్పువరకు విడిచి, అందు వంటయు, భోజనమును, కూర్చుండుటయు నడుపుదురు. పడకగదులను చివరి అంకణములకును, చూరు దిగివచ్చు ప్రక్కసాలలకును చేర్చుదురు. పాత పెద్దవాకిళ్ళే నేటి పెద్ద కిటికీలు. గోడకు క్రొత్త రంధ్రము పొడువనక్కరలేకుండ ఇల్లంతకు వెలుతురు ఆ రెండింటినుండియే రాబట్టుదురు. దక్షిణపు వాకిట నిలువెత్తు అద్దమున్నచో చలికాలమున ఎండ వేడి లోనికి వచ్చి మేలుచేయును గాని, జూలై మధ్యాహ్నమున లోపల ఉక్కపోయును. దీనికి పరిష్కారము కొనితేనక్కరలేదు. పాత పలకతలుపులను తీసివేయక, బాగుచేసి, వెలుపల అట్లే వ్రేలాడనిచ్చిన, అవి ఎండకు మరుగుగను, రాత్రి చలికి కవచముగను పనిచేయును. పరికరముల అంగడులలో వెలపెట్టి కొను నీడతెరలకంటె ఇవి మేలు.

అంతకంటె సాహసమైన మార్గము, శాలనంతటిని వెచ్చపెట్టవలెనను కోరిక మానుకొనుట. శాల లోపల, గోడలకు తగులకుండ, చిన్న వెచ్చని కలపయిల్లు ఒకటి నిలిపి, చుట్టునున్న జాగాను చలిలో వరండావలె వాడుకొనవచ్చును. నార్ఫోక్‌లోని ఓకర్ బార్న్ అను ఇటుకశాలను తన నివాసముగా మార్చిన కార్ల్ టర్నర్ అను వాస్తుశిల్పి, పడకగదులు మొదలగువానిని చవుకరకపు చెక్కపలకలతో చేసిన పెద్దపెట్టెలుగ లోపల అమర్చి, గోడలను, కప్పును తాకనీయక విడిచెను. ఆ పెట్టెలను రేపు తీసివేసినను శాల శాలగనే యుండును. తిరిగి తీయవీలగు మార్పు ఉత్తమమని చారిత్రక కట్టడముల పరిరక్షకులందరును ఒప్పుదురు. ఇంధనము దృష్టితో చూచినను, వేడిచేయవలసిన గాలి తగ్గుటయే అన్నిటికంటె పెద్ద పొదుపు.

గోడయు, తేమయు

రెండడుగుల మందపు రాతిగోడ చూడ బలిష్ఠమే గాని వేడిమిని నిలుపుటలో మిక్కిలి దుర్బలము. గోడ గుండ చదరపు మీటరునకు, లోపలికిని వెలుపలికిని ఒక డిగ్రీ తేడాకు, సుమారు 2 వాట్ల వేడిమి వెలికిపోవును. లోపలివైపున పది సెంటీమీటర్ల కలపనారపలక అమర్చిన యెడల అది ఇంచుమించు ఆరవవంతునకు తగ్గును. ఇంతటి లాభము కనులయెదుట నుండగా, దొరకిన ప్లాస్టికునురుగు పలకలను గోడకు అతికించి, సిమెంటు పూసి, చేతులు దులుపుకొనువారు పెక్కురు. అక్కడనే కీడు మొదలగును.

పాతగోడకు తేమను అడ్డగించు పొర లేదు. అది వానకు తడియును, నేలనుండి నీరు పీల్చును, ఎండకును గాలికిని ఆరును. రాళ్ళ నడుమనున్న సున్నము ఈ రాకపోకలకు దారియిచ్చును. 1824లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు పొందిన పోర్ట్‌లండు సిమెంటు ఇటీవలి శతాబ్దమున ఈ గోడల సందులలో నిండినది. అది నీటిని వదలదు. తడి సున్నపు సందులనుండి ఆరవలసినది పోయి, మెత్తని ఇటుకనుండియో, రాతినుండియో ఆరును. ఆ తడి మంచుకాలమున గడ్డకట్టి ఉబ్బినపుడు ఇటుక ముఖము పొరలుపొరలుగా రాలును. ఇట్టి గోడ చెంత నిలిచిన, సిమెంటు సందులు చెక్కుచెదరక వరుసగా ముందుకు పొడుచుకొని, నడుమనున్న ఇటుకలు వేలు దిగునంత లోతుగా గుంటలుపడి కనబడును. సందు గట్టిది, ఇటుక మెత్తనిది. జరుగవలసినది దీనికి విపర్యయము.

లోపలివైపు కథ వేరు. కుటుంబమొకటి వండుకొని, స్నానములాడి, బట్టలారవైచికొని, ఊపిరివిడుచుచు రోజునకు కొన్ని లీటర్ల నీటిని ఆవిరిగా గాలిలో కలుపును. వేడిమినిరోధకపు పొర పెట్టినపిమ్మట దాని వెనుకనున్న రాయి మునుపటికంటె చల్లబడును; గాలి సందులగుండ అచటికి చేరిన ఆవిరి నీరుగా మారును. దూలపు చివర ఆ గోడలోనే దిగియున్నది. కొయ్యలో తేమ వందకు ఇరువది పాళ్ళను మించిన, బూజు కుళ్ళు పట్టుటకు అవకాశము కలుగును. నాలుగువందల ఏండ్లు నిలిచిన ఓక్ దూలము పదిపదునైదేండ్లలో, ఎవరికిని కనబడనిచోట, చివరనుండి పుచ్చిపోవచ్చును. కావున ఆవిరిని పీల్చుకొని మరల విడువగల కలపనారపలకలు, గొఱ్ఱెబొచ్చు, జనపనారకు సాటియైన హెంప్ మొక్క బెండును సున్నముతో కలిపిన ముద్ద మొదలగువానిని వాడి, పైన సున్నపుపూతయో, మట్టిపూతయో పూయుదురు. వీని వేడిమినిరోధకశక్తి ప్లాస్టికునురుగుకంటె తక్కువ. హెంప్‌సున్నమునకైతే మరియు తక్కువ. అయినను పొర మితముగానున్న, గోడకు కొంత వేడి చేరి ఆరుచుండును. గోడ ప్రాణమునకును, ఇంధనపు లెక్కకును పొత్తు కుదిరినచోట ఆగుటయే ఇందలి నేర్పు. ఇంకొక పది సెంటీమీటర్లు పెంచుదమనుట లోభము.

నేల, కప్పు, వేడిమి

నేల త్రవ్వుటలో అపాయమున్నది. ఈ శాలల పునాదులు లోతుతక్కువ. కొన్నింటికి పునాదియే లేదు. అరుగుకొరకును, వేడిమిపొరకొరకును అరమీటరు త్రవ్వినచో గోడ అడుగు వదులై క్రుంగును. నురుగుగాజు గులకలను పరచి, పైన సున్నపు కాంక్రీటు పోసి, అందు వేడినీటి గొట్టములను దాచుట ఇపుడు ప్రచారమున నున్న పద్ధతి. ఎత్తుగానున్న శాలలో గాలిని వేడిచేసిన అది వెన్నుగాడి చేరి నిలుచును, పాదములు చలిగనే యుండును. నేలయే వెచ్చబడిన ఈ బాధ లేదు. నేలకు 35 నుండి 45 డిగ్రీల గోరువెచ్చని నీరు చాలును గనుక హీట్ పంపు దీనికి ఈడైన జోడు. చుట్టునున్న పొలమున మీటరు లోతున పాతిన గొట్టములనుండి భూమివేడిమిని తోడి, ఒకపాలు విద్యుత్తుతో మూడుపాళ్ళకు పైగా వేడి నిచ్చును. పొలము గలవానికి ఈ సౌకర్యము పట్టణవాసికంటె సులభము.

కప్పున వాసములమీద మందపు పొర వైచిన చూరు ఎత్తెక్కి శాల రూపురేఖలు మారును. వాసముల నడుమ నింపినచో అవి మరుగుపడును. రెండింటిలో ఏది తక్కువ చెరుపో చూచి ఎన్నుకొనవలెను. పెంకులను ఒక్కొక్కటిగా దించి, పగులనివానిని వీధివైపు కప్పునకు, క్రొత్తవానిని పెరటివైపునకు వేయుదురు. సౌరఫలకములు పాతకప్పుమీదకంటె ప్రక్కనున్న షెడ్డుమీదనో, కంచెచాటున నేలమీదనో ఉండుట మర్యాద.

గాలి చొరబడని తనమును పరీక్షించుటకు ఇంటిలోనికిని వెలుపలికిని 50 పాస్కల్‌ల ఒత్తిడితేడా కల్పించి, గంటకు ఎన్నిసార్లు లోపలిగాలి మారునో లెక్కింతురు. జర్మనీలో 1991లో డార్మ్‌స్టాట్ నగరమున మొదటి యిల్లు వెలసిన పాసివ్‌హౌస్ ప్రమాణము క్రొత్తయిండ్లకు 0.6 సార్లను, చదరపు మీటరునకు సాలీనా 15 యూనిట్ల వేడిని మాత్రమే యొప్పును. పాతకట్టడములకై తరువాత ఏర్పరచిన ఎనర్‌ఫిట్ ప్రమాణము చల్లని సమశీతోష్ణమండలమున 1.0 సార్లను, 25 యూనిట్లను అంగీకరించును. యార్క్‌షైరులో హడర్స్‌ఫీల్డు చెంత స్టర్లీ పొలమునందలి పాత రాతికొట్టమును విద్యాకేంద్రముగ మార్చినపుడు ఈ ప్రమాణమును సాధించిరి గనుక అది అసాధ్యము కాదు. కాని చట్రపుశాలలో ప్రతి దూలమును నిరోధకపు పొరను చీల్చుకొని పోవును, ప్రతి ఓక్‌కొయ్య నెరియలోను గాలి యాడును. అచట ఈ అంకెలకై పట్టుపట్టిన చట్రము బలియగును. పట్టు విడిచి, ఉన్నిచొక్కా తొడుగుకొనుట మేలు.

మిగిలిన హంగులు చెప్పుట సులభము. పెద్దకప్పుమీది వాననీటిని తొట్టెలో పట్టి తోటకును, పాయిఖానాకును వాడుదురు. పల్లెలలో మురుగుకాలువ లేదు గనుక చిన్న శుద్ధియంత్రము తప్పనిసరి. సెప్టికు తొట్టె నీటిని నేరుగ వాగులోనికి విడుచుట ఇంగ్లండున నిషిద్ధము. కట్టెలపొయ్యి అందమే గాని దాని పొగ ఆరోగ్యమునకు చెరుపు, దానిని పర్యావరణానుకూలమని కొనియాడుట అతిశయోక్తి. పెట్టిన పక్షమున ఇటుకల పొగగొట్టము కట్టక, సన్నని నల్లని ఉక్కుగొట్టము నిలుపుదురు; ధాన్యశాలకు పొగగొట్టము ఎన్నడును లేదు.

ఇతర దేశములందు

అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమున డచ్చివారు, పెన్సిల్వేనియాలో జర్మనులు కట్టిన కలపశాలలను విప్పి, వందలమైళ్ళ దూరము తరలించి, మరల నిలిపి ఇండ్లు చేయు వర్తకము కలదు. అక్కడ వేడిమినిరోధకపు పలకలను చట్రమునకు వెలుపల చుట్టివేసి, కొయ్యపనినంతటిని లోపల కనబడనిత్తురు. ఇది కొయ్యకు క్షేమము, కాని తన నేలను విడిచిన శాలకు చరిత్ర సగమే. ఆ దేశపు జాతీయవన శాఖ చారిత్రక ధాన్యశాలల పరిరక్షణముపై 1989లో ప్రత్యేక కరపత్రము ప్రకటించెను. అంతకు రెండేండ్ల ముందు ఆరంభమైన 'బార్న్ అగెయిన్' అను ఉద్యమము, ఇల్లు చేయుటకంటె సేద్యమునకే మరల వాడుకొనుట మేలని రైతులను ప్రోత్సహించెను. నెదర్లండ్సులోని ఉత్తర హాలండు మండలమున పిరమిడువంటి ఒకే కప్పుక్రింద మనుష్యులు, పసువులు, గడ్డి కలసియుండెడి రైతుగృహములు పెక్కు నేడు పూర్తిగా నివాసములైనవి. అందు ఒక భాగము మొదటినుండియు ఇల్లే గనుక వాని మార్పు తేలిక.

వ్యయము, పన్ను

చవుకగా ఇల్లు దొరకునని ధాన్యశాల కొనువాడు నిరాశచెందును. విద్యుత్తు, నీరు, దారి తెచ్చుకొనుటకే వ్యయము హెచ్చు. సున్నపుపని, ఓక్‌పని తెలిసిన మేస్త్రీలు, వడ్రంగులు కొద్దిమంది, వారి కూలి ఎక్కువ. ధాన్యశాల గృహమున నిజమైన లాభము ఖర్చులో లేదు, క్రొత్తగా చేయనక్కరలేని వస్తువులో కలదు. సిమెంటు చేయుటకు సున్నపురాతిని 1,450 డిగ్రీల వరకు కాల్చవలెను. రాతినుండియు, ఇంధనమునుండియు రెండువిధముల బొగ్గుపులుసుగాలి వెలువడును. నిలిచియున్న గోడకు ఆ ఖర్చు లేదు, నరికిన ఓక్ మ్రానుకు మరల నరుకుటయు లేదు. హీట్ పంపు, సౌరఫలకము క్రొత్తయింటికైనను అమర్చవచ్చును. ఈ మిగులు మాత్రము పాతదానికే స్వంతము.

బ్రిటిషు పన్నువిధానము ఈ సత్యమునకు వ్యతిరేకముగా నడచుచున్నది. నేలమట్టము చేసి క్రొత్తయిల్లు కట్టువానికి విలువ ఆధారిత పన్ను సున్న. శాలను ఇల్లుగా మార్చు పనికి నూటికి 5; స్వయముగ మార్చుకొనువారు పన్నును తిరిగి కోరు ఏర్పాటును కలదు. కాని ఇంటి మరమ్మతులకును, ధాన్యశాలను ధాన్యశాలగనే నిలిపియుంచు మరమ్మతులకును నూటికి 20 చెల్లింపవలెను. చారిత్రక కట్టడములలో అనుమతి పొందిన మార్పులకు పూర్వముండిన మినహాయింపును 2012 అక్టోబరులో తీసివేసిరి. కూల్చువానికి బహుమానము, కాపాడువానికి జరిమానా అన్నట్లున్న ఈ వ్యత్యాసము తొలగి, మరమ్మతునకు క్రొత్తకట్టడముతో సమానమైన పన్ను వచ్చువరకు, పర్యావరణానుకూల గృహములను గూర్చి ఆ ప్రభుత్వము చెప్పు మాటలకు పూర్తి విలువ నీయనక్కరలేదు.